ఇరవై ఒకటో చొక్కా

పోయిన వారం మా కంపెనీలో డిజైన్లు చూసే పిల్లలు ముగ్గురు ఒక అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పెట్టె తెరిస్తే అందులో పాలమీగడ రంగు మీద సన్నటి ఇటుకరంగు గీతలున్న చొక్కా ఒకటి, కాలరు నలగకుండా కింద అట్టముక్క పెట్టి, పొందికగా మడిచి ఉంది. కంపెనీ పెట్టిన కొత్తలో మేము కుట్టిన మొట్టమొదటి చొక్కా అదేనని పాత ఫోటోలు వెదికి తెలుసుకున్నారట, గీతకూ గీతకూ మధ్య ఎడం కొలిచి మరీ గుడ్డ నేయించారట, వందంటే వందే కుట్టి, ఆ తర్వాత ఎంత పెట్టినా ఎవరికీ దొరకకుండా చేస్తారట. ఒక్కొక్క చొక్కా జేబులో ఒక చిన్న కార్డు ఉంటుంది, దాని మీద నాలుగు వాక్యాలు నేను రాసివ్వాలి. ఈ గీతల చొక్కా కుట్టాలని మీకు ఎట్లా తోచింది సార్, అని అడిగింది వాళ్లలో ఒక అమ్మాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుని వచ్చిన పిల్ల, నాలాగే గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టింది, అందుకని నాకు ఆ పిల్ల మీద కొంచెం అభిమానం ఎక్కువ.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. శాలువా కప్పిన ప్రతి సభలోనూ అదే చెబుతాను. సామాన్యుడు కూడా పెద్దమనిషిలా కనబడాలన్నది నా ఆశయం అంటాను, జనం చప్పట్లు కొడతారు, నేను దండం పెట్టి కూర్చుంటాను. అది పచ్చి అబద్ధం. ఆ పిల్ల ముఖం చూస్తూ ఎందుకో అది నోటికి రాలేదు. రాసి పంపిస్తానమ్మా అని చెప్పి వాళ్లను సాగనంపాను గానీ, బల్ల మీది పెట్టెను మూయడానికి చేయి ఆడలేదు. ఎవరికీ దొరకకుండా వందే కుడతారట! ఆ చొక్కాను ఏ ఉద్దేశంతో కుట్టానో దానికి ఇంతకంటే విరుద్ధమైన పని ఇంకొకటి ఉండదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిసిన ఇంకొక మనిషి, మా గురువు, పోయి చాలాకాలమైంది.

మాది పులివెందుల దిక్కున తొండూరు అవతల ఒక పల్లె. మా నాయనకు గొర్రెలే లోకం. నాకేమో ఆ మంద వెంబడి ఎండలో తిరగడం చిన్నప్పటి నుంచీ గిట్టేది కాదు. ఇంట్లో రోజూ తిట్లు తినేకంటే చేతిపని ఏదైనా నేర్చుకుందామని పొద్దుటూరు చేరి, బజారు వెనక సందులో ఒక సాయిబు గారి కుట్టుదుకాణంలో పనికి కుదిరాను. ఆయనే మా గురువు. ఆ రోజుల్లో పొద్దుటూరు బజారు ఎట్లా ఉండేదో మన ఈడువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఒక వీధిలో బంగారం, ఒక వీధిలో బట్ట, పెళ్లిళ్ల కాలం వస్తే కడప నుంచీ చెన్నూరు నుంచీ కూడా జనం బస్సులెక్కి వచ్చేవాళ్లు, తెచ్చిన తానులన్నీ చివరకు మాలాంటి సందు దుకాణాలకే చేరేవి.

మా దర్జీల లోకంలో ఒక ఆచారం ఉండేది. గుడ్డ మిగిలితే అది కుట్టినవాడిదే. ఇచ్చినవాడు అడగడు, కుట్టినవాడు చెప్పడు. ఊళ్లో ఏ దర్జీ ఇంటి పిల్లల ఒంటి మీద చూసినా డాక్టరు గారి చొక్కా గుడ్డో, బంగారపు సెట్టి గారి పంచె అంచో కనబడేది, ఎవరూ తప్పుగా అనుకునేవాళ్లు కాదు. మా గురువు ఒక్కడే ఆ ఆచారానికి ఒప్పుకోలేదు. అరచేతి వెడల్పు ముక్క మిగిలినా సరే దాన్ని మడిచి, ఒక గుండీ కూడా చేర్చి, దారంతో కట్టి, కుట్టిన చొక్కా జేబులో పెట్టి ఇచ్చేసేవాడు. కత్తెర మనది, దారం మనది, గుడ్డ మాత్రం మనది కాదు బేటా, అనేవాడు. మేము ఆయన చాటున నవ్వుకునేవాళ్లం. ఈ ముసలాయన ఇట్లాగే ఉంటే ఈ సందులోనే ఉండిపోతాడు అని నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

నవ్వడానికి నాకొక కారణం కూడా ఉంది. కుట్టడంలో నేను అంతంతమాత్రమే గానీ, కత్తిరించడంలో నన్ను మించినవాడు ఆ బజారులో లేడు. గుడ్డ పరిచి రెండు నిమిషాలు చూస్తే చాలు, ఎక్కడ వీపు, ఎక్కడ చేతులు, ఏ కాలరును ఏ చంక పక్కన తలకిందులుగా ఇరికిస్తే ఎంత గుడ్డ మిగులుతుందో కళ్లకు కట్టేది. ఆ తర్వాత సబ్బుముక్కతో గీతలు గీయడమే తరువాయి. చొక్కాకు బెత్తెడు గుడ్డ మిగిల్చేవాణ్ణి. అది నాకు చదువుకంటే, పేరుకంటే ఎక్కువ. ఇప్పుడు మా ఫ్యాక్టరీలో ఆ పని కంప్యూటరు చేస్తుంది, అయినా అప్పుడప్పుడు పోయి నిలబడి చూసి, ఇక్కడ ఇంకొక అంగుళం మిగుల్తుంది కదా అని అంటుంటాను. ఆ పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సొంత దుకాణం పెట్టాక పెళ్లయింది. అత్తగారి ఊరు జమ్మలమడుగు దగ్గర. మామగారు నేను చూడకముందే పోయారు. అత్త ఒక్కతే కూలికి పోయి, ఒక పాడిఆవును పెట్టుకుని కూతురినీ కొడుకునూ పెంచింది. పక్కింట్లో ఆమె ఈడు మనిషే ఒకావిడ ఉండేది, ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకునేవాళ్లు. పొద్దున్నే ఇద్దరూ కలిసే వీధి కొళాయికి పోయేవాళ్లు, ఒకరి కడవ ఒకరు నెత్తికెత్తేవాళ్లు. ఆ ఊళ్లో నీళ్ల కాడ పోట్లాట లేని ఆడవాళ్లు ఆ ఇద్దరేనని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

మా బావమరిది పొడుగు మనిషి, చేతులు మరీ పొడుగు. ఏ చొక్కా వేసినా మణికట్టు పైన రెండంగుళాలు బయటే ఉండేది, దానికి నేను ఏడిపిస్తే, నీ కత్తెర పొట్టిది బావా, నా చేతులు కాదు అనేవాడు. పక్కింటావిడ పిల్లలకు ఎక్కాలు నేర్పింది వాడే. వాడికి పార్టీలతో సంబంధం లేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, మా వైపు పార్టీ అంటే ఆ రోజుల్లో జెండా కాదు, మనిషి. జెండా మారినా మనిషి మారడు. ఊరికి ఇద్దరు పెద్దలు ఉంటారు, ఏ చావుకు ఏ చావు బదులో లెక్క పెట్టుకుంటూ ఉంటారు, ఎన్నికలొస్తే ఆ లెక్కకు జెండాలు కడతారు.

దర్జీలకు ఈ సంగతులు పేపర్లకంటే ముందే తెలిసేవి. ఎవరైనా వచ్చి చంక కింద వదులుగా కుట్టు, చేయి పైకెత్తితే పట్టకూడదు అన్నాడంటే, లోపల పొడుగు జేబు పెట్టమన్నాడంటే, ఏదో ఊళ్లో ఏదో జరగబోతోందని మాకు అర్థమయ్యేది. అర్థమైనట్టు కనబడకుండా కొలతలు రాసుకోవడమే మా చదువు.

ఒక ఎన్నికల ముందు, మా పల్లె దిక్కునే ఉండే ఒక పెద్ద తన మనుషులతో జీపులో మా దుకాణానికి వచ్చాడు. పోయినసారి జరిగిన గొడవలో రెండు పక్కలా అందరూ తెల్ల చొక్కాలే వేసుకోవడం వల్ల దుమ్ములో ఎవడు ఎవడో తెలియక, వాళ్ల మనిషినే వాళ్లు నరికారట. ఈసారి ఆ పొరపాటు జరగకూడదని బొంబాయి నుంచి ఒక తాను తెప్పించాడు. పాలమీగడ రంగు మీద ఇటుకరంగు గీత. అట్లాంటి గుడ్డ మా జిల్లాలో ఇంకెక్కడా లేదని ఆయన గర్వం. ఇరవై మందికి ఇరవై చొక్కాలు. కొలతలు తీసుకున్నాక ఆయన తాను మీద చేయి వేసి చెప్పిన మాట నాకు ఇంకా వినబడుతూనే ఉంటుంది.

"చూడప్పా టైలరూ, ఈ గుడ్డ నా మనుషుల ఒంటి మీద తప్ప ఇంగెవని ఒంటి మీదా కనపడగూడదు. కనపడితే మళ్లా మాట్లాడేది ఉండదు."

తల ఊపాను. ఊపుతూనే కళ్లతో తానును కొలిచాను. అదీ నా బుద్ధి. ఇరవై చొక్కాలు కత్తిరించేసరికి, చొక్కాకు బెత్తెడు చొప్పున, సరిగ్గా ఇంకొక చొక్కాకు గుడ్డ మిగిలింది. కత్తెర కింద పెట్టి ఆ మిగిలిన గుడ్డను చూసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ సన్మానంలోనూ కలగలేదు. మా గురువు అయితే మడిచి దారం కట్టి ఇచ్చేసేవాడు. నేను దాన్ని అరలో పెట్టాను.

చొక్కాలు అప్పజెప్పిన మర్నాడు పొద్దున మా బావమరిది వచ్చాడు. వాడికి బడిపంతులు ఉద్యోగం వచ్చింది, చేతిలో ఆర్డరు కాగితం. అక్కకు చూపించి, అక్క చేతి కూడు తిని, అమ్మకు చూపించాలని జమ్మలమడుగు బస్సు కోసం బయల్దేరి, దారిలో నాకు చెప్పిపోదామని దుకాణానికి వచ్చాడు. ఒంటి మీద నీలం చొక్కా, కాలరు చిరిగితే మా ఆవిడ రఫ్ఫు చేసి ఇచ్చింది. పంతులు ఉద్యోగానికి ఈ చొక్కాతో పోతావురా అనిపించింది నాకు. ఆ మిగులు గుడ్డతో వాడి కొలతలకు ముందు రోజే ఒక చొక్కా కుట్టి పెట్టాను, ఈసారి చేతులు పూర్తిగా కప్పేటట్టు. ఆ పెద్ద చెప్పిన మాట మరిచిపోలేదు. కానీ ఆయన ఊరు పులివెందుల దిక్కు, వీడు పోయేది జమ్మలమడుగు, అక్కడ చూసేదెవరు అనుకున్నాను. నా తెలివి అంతే.

వాడు గుడ్డ తెర వెనకకు పోయి చొక్కా మార్చుకుని వచ్చాడు. రెండు చేతులూ ముందుకు చాపి మణికట్టు చూసుకుని, "కత్తెర పెరిగినట్టుంది బావా" అన్నాడు. పాత చొక్కా అక్కడే వదిలేశాడు, మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటానని. బస్సెక్కి చేయి ఊపాడు. అదే చివర.

ఆ పెద్దకు జమ్మలమడుగులో వియ్యంకుడున్నాడనీ, ఆ వియ్యంకుడు సరిగ్గా ఆ రోజే నామినేషన్ వేస్తున్నాడనీ, ఆ ఇరవై చొక్కాలు అందుకోసమే కుట్టించారనీ నాకు తెలియదు. పొద్దున ఆఫీసు ముందు తోపులాట మొదలైంది, చూస్తుండగానే బాంబులదాకా పోయింది, ఎదుటి పక్షం మనిషి ఒకడు చనిపోయాడు. చనిపోయినవాడు ఎవరో కాదు, మా అత్త పక్కింటావిడ మొగుడు. గీతల చొక్కాలవాళ్లు నరికారన్న మాట ఊరంతా పాకింది, వాళ్లు మాత్రం జీపులెక్కి వెళ్లిపోయారు. మధ్యాహ్నం బస్సు దిగి, ఈ సంగతులేమీ తెలియని ఒక పొడుగుమనిషి, చేతిలో కాగితం పట్టుకుని, కొత్త గీతల చొక్కాతో జమ్మలమడుగు బస్టాండులో టీ కొట్టు వైపు నడిచాడు. ఆపైన నేను రాయలేను. రాయాల్సిన పనీ లేదు, మన ఈడువాళ్లు అట్లాంటి మధ్యాహ్నాలు చూసే ఉంటారు.

ఆస్పత్రి దగ్గర నేను పోయేసరికి మా అత్త నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఈ చొక్కా వానికి యాడిది, అని వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతోంది. మా ఆవిడ, నీలం చొక్కాతో పోయినాడమ్మా, నేను రఫ్ఫు చేసిన చొక్కాతోనే పోయినాడు అని మళ్లీ మళ్లీ చెబుతోంది. ఇద్దరూ నా వైపు చూశారు. దుకాణంలోకి రాలేదు, రోడ్డు మీంచే చేయి ఊపి పోయాడు అని చెప్పాను. అది నా మొదటి అబద్ధం. పోలీసాయన ఆ చొక్కా తెచ్చి ఇది నువ్వు కుట్టిందేనా అంటే, ఇరవై కుట్టాను సార్, ఇరవైయ్యీ అప్పజెప్పాను అని రాసిచ్చి సంతకం పెట్టాను. అది రెండోది. ఆ రెండూ భయంతో చెప్పినవి, భయం ఎవరికైనా ఉంటుంది అని చాలాకాలం నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

మూడో రోజు ఆ పెద్ద కబురుపెట్టాడు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని, కోపం లేకుండా, దాదాపు ముద్దుగా మాట్లాడాడు.

"ఇరవై చొక్కాలు ఇరవై మంది కాడ ఉండాయి. ఇరవై ఒకటోది యాడినుంచి వచ్చిందో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఏం పర్వాలేదులేప్పా. నీ బామ్మర్ది మా మనిషి. మా కోసరమే పాణం ఇచ్చినాడు. అంతే. ఇంగో మాట నీ నోట్లోనించి రాగూడదు."

ఆయనకు ఆ సమయంలో ఒక శవం కావాల్సి వచ్చింది. ఎదుటివాళ్లలో ఒకడు పోయాడు కాబట్టి తన వాళ్లలోనూ ఒకడు పోయి ఉంటే జనం ముందు లెక్క సరిపోతుంది. ఎవడి పార్టీలోనూ చేరనివాడి మీద జెండా కప్పారు, జీపుల ఊరేగింపు తీశారు, జమ్మలమడుగు రోడ్డు పక్కన వాడి పేరుతో ఒక స్తూపం కట్టారు. అమరుడు అని రాశారు. నేను ఆ ఊరేగింపులో మొదటి జీపులో ఉన్నాను.

మా గురువు కుట్టు చూసి పోల్చుకున్నాడు. పోలీసులు ఆ చొక్కాను పొద్దుటూరు దర్జీలందరికీ చూపిస్తుంటే ఒక్కసారి చూశాడంతే, కాలరు తిప్పిన తీరు తన శిష్యుడిదేనని, ఆ గుడ్డ మిగిలిన గుడ్డేనని ఆయనకు తెలిసిపోయింది. దుకాణానికి వచ్చి కటింగ్ బల్ల మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఒక్క మాటా తిట్టలేదు. తెర వెనక మేకుకు వేలాడుతున్న నీలం చొక్కా చూసి మాత్రం, "దాన్ని పారేయొద్దు బేటా. నువ్వు నోరు తెరిచే దినం ఒగటి వస్తాది. ఆ దినం నీ మాట ఎవరూ నమ్మరు, ఈ చొక్కానే సాక్ష్యం చెప్పాల" అన్నాడు. ఆ దినం తొందరగానే వస్తుందని ఆయన అనుకున్నట్టున్నాడు.

అది వచ్చింది కూడా. దినాలు అయిన కొన్నాళ్లకు మా అత్త ఒక్కతే పొద్దుటూరు వచ్చింది. ఇంటికి కాదు, నేరుగా దుకాణానికి. మెషీన్ పక్కన నేల మీద కూర్చుంది, కుర్చీ వేసినా కూర్చోలేదు. పక్కింటావిడ తనతో మాట మానేసిందని చెప్పింది. మానేయదా మరి, మొగుణ్ణి నరికినవాళ్ల చొక్కాలోనే వీడూ ఉండె, ఎక్కాలు నేర్పిన చేత్తోనే తన మొగుణ్ణి పట్టుకున్నాడని ఆమె అనుకుంటోంది. పొద్దున మా ఇంట్లో తిని పోయినాడని నీ పెండ్లాం చెప్పినా, అక్క మాట ఎవరు నమ్ముతారు, నీలం చొక్కా పోయి ఈ చొక్కా యాడ వచ్చె అంటాండారు. కొళాయి కాడ ఆమె నిలబడి ఉంటే నేను యా ముఖం పెట్టుకోని పోవాల నాయనా, అంది. అప్పటికి నెల రోజులుగా ఆమె కొళాయికి పోవడం మానేసి, చేల అవతలి బావి నుంచి నీళ్లు మోస్తోంది. ఆ తర్వాత నన్ను సూటిగా చూసి అడిగింది.

"నిజం చెప్పు నాయనా. నా కొడుకు ఆ గుంపులో చేరినాడా? చేరింటే చేరినాడని చెప్పు, నేను ఆమె కాళ్లు పట్టుకుంటా. లేకుంటే లేదని చెప్పు, తల ఎత్తుకోని పోతా."

ఆమెకు కావలసింది ఆ రెండిట్లో ఒక మాట. తెర వెనక మూడడుగుల దూరంలో నీలం చొక్కా ఉంది. అప్పుడు మా ఆవిడకు నెలలు నిండాయి, ఆ పెద్దాయన అరుగు మీద నుంచి చెప్పిన మాట నా చెవుల్లోనే ఉంది. ఇవన్నీ నిజమే, కానీ వీటి వెనక ఇంకొకటి కూడా ఉంది, అది ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. చెబితే ఆ గుడ్డ నేను మిగుల్చుకున్న సంగతి కూడా చెప్పాలి.

"నాకు తెలీదత్తా" అన్నాను.

ఆమె కొంగు దులుపుకుని లేచి బస్టాండుకు పోయింది. బతికినన్నాళ్లు ఆ చేల అవతలి బావి నుంచే నీళ్లు మోసింది. మోకాళ్లు పోయాక మేము తెచ్చి దగ్గర పెట్టుకుంటామంటే రాలేదు, నా కొడుకు చేసిందానికి నేను ఈడనే మోయాల అనేది. చివరి దినాల్లో కూడా, వాడు అట్టాంటోడు కాదే అని మా ఆవిడతో అనేది, మళ్లీ కాసేపటికి, ఏమో అనేది. ఆ ఏమో అన్న మాట నేను కుట్టింది.

ఇక కంపెనీ సంగతి. కొన్నాళ్లు నేను కత్తెర పట్టుకోలేదు. ఎవరైనా గీతల చొక్కాతో రోడ్డు మీద కనబడితే దుకాణం తలుపు మూసేవాణ్ణి, ఎందుకంటే ఆ ఇరవై మందీ ఇప్పుడు ఆ చొక్కాను పంతంగా వేసుకుని తిరుగుతున్నారు, ఎదుటివాళ్లు ఆ చొక్కా కోసమే కాచుకుని ఉన్నారు. ఒక రోజు మిగిలిన ఆఖరి ముక్క చేతిలోకి తీసుకుంటే అంచు మీద మిల్లు ముద్ర కనిపించింది. అప్పుడు తోచింది. ఒక చొక్కా ఇరవై మంది ఒంటి మీదే ఉంటే అది గుర్తు. ఇరవై వేల మంది ఒంటి మీద ఉంటే అది ఒట్టి చొక్కా.

మా వీధి బట్టల సెట్టి గారిని బతిమాలి ఆ మిల్లు నుంచి అదే గుడ్డ తానులకు తానులు తెప్పించాను. నీకేమన్నా పిచ్చా, ఆ గుడ్డ ఎవరు కొంటారు అన్నాడాయన. ఎందుకో ఆయనకు చెప్పలేదు, మా గురువు ఒక్కడికే చెప్పాను. కొలతలు తీయకుండా చిన్నది, మధ్యస్తం, పెద్దది అని మూడే సైజులు పెట్టుకుని, నలుగురు ఆడవాళ్లను మెషీన్ల మీద కూర్చోబెట్టి రోజంతా కుట్టించాను. కత్తిరింపులో నేను మిగిల్చే గుడ్డ వల్ల ఇంకెవరూ అమ్మలేనంత చవకగా అమ్మగలిగాను. జమ్మలమడుగు సంతలో, పులివెందులలో, తొండూరులో, చెన్నూరులో తోపుడుబండ్ల మీద కుప్పలు పోయించాను. లారీ డ్రైవర్లు వేసుకున్నారు, గొర్రెలు కాసేవాళ్లు వేసుకున్నారు, కాలేజీ పిల్లలు వేసుకున్నారు, పెళ్లికొడుకులు వేసుకున్నారు.

ఆ పెద్ద మళ్లీ పిలిపించాడు. ఏందప్పా ఈ కత, అన్నాడు. మీ మనుషుల ఒంటి మీద చూసి జనం మోజుపడి అడుగుతాండారన్నా, అన్నాను. ఆయన మీసం కిందనించి నవ్వాడు. జిల్లాకు జిల్లా తన గుర్తు వేసుకుని తిరుగుతోందనుకున్నాడు పాపం. ఎదుటి పక్షంవాళ్ల కొడుకులు కూడా అదే చొక్కాతో బస్టాండులో టీ తాగుతున్నారని తెలిసేసరికి ఏడాది దాటింది. అప్పటికి ఆయన మనుషులు విసుగుపుట్టి మళ్లీ తెల్ల చొక్కాల్లోకి మారిపోయారు. నరుక్కోవడం మాత్రం ఆగలేదు, అది నా చేతిలో పని కాదు. కానీ ఆ తర్వాత మా దిక్కున చొక్కా చూసి ఎవరూ ఎవర్నీ చంపలేదు.

ఆ విధంగా నేను వ్యాపారినయ్యాను. నలుగురు ఆడవాళ్లు నలభై మంది అయ్యారు, సందు దుకాణం షెడ్డయింది, షెడ్డు ఫ్యాక్టరీ అయింది. ఇంకొక మాట కూడా చెప్పి తీరాలి. అమరుడి బావ కదా అని నా షెడ్డు జోలికి ఎవరూ రాలేదు, ఇతరుల దుకాణాలు తగలబడిన రోజుల్లో కూడా నా తాళం మీద ఎవరూ చేయి వేయలేదు. ఏ అబద్ధంతో మా అత్తను బావికి తరిమానో ఆ అబద్ధమే నా గుమ్మం దగ్గర కాపలా కాసింది. పేపర్లవాళ్లు స్వయంకృషి అని రాస్తే కత్తిరించి దాచుకున్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్లలు తెచ్చిన పెట్టె బల్ల మీద మూడు రోజులు ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం బీరువా అడుగు నుంచి నీలం చొక్కా తీసి, అనపకాయలు ఒలుస్తున్న మా ఆవిడ ఒళ్లో పెట్టాను. పెట్టి, మొదటి నుంచి చివరదాకా చెప్పాను. ఆమె కాలరు వెనక్కి తిప్పి, వేలితో తడిమి, తను చేసిన రఫ్ఫు ఎక్కడుందో వెదికి పట్టుకుంది. ఆ చోటు మీద వేలు పెట్టుకుని అట్లాగే కూర్చుంది. తిడుతుందేమోనని కాచుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే తయారై, చొక్కా సంచిలో పెట్టుకుని, కారు తీయమను, మా ఊరికి పోవాల అంది. నేనూ పక్కన ఎక్కాను.

జమ్మలమడుగు రోడ్డు పక్కన ఆ స్తూపం ఇంకా ఉంది. ఈ మధ్యే కొత్త రంగులు వేశారు. ఆ పెద్దాయన కొడుకూ, ఎదుటి పక్షం పెద్దాయన మనవడూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు, ఒకే వేదిక మీద ఒకరికొకరు దండలు వేసుకుంటారు, ఇద్దరూ తొడిగే తెల్ల చొక్కాలు మా కంపెనీవే. ఆ ఇరవై మందిలో కొందరు చనిపోయారు, కొందరు రాజీపడ్డారు, మిగిలినవాళ్లు ముసలివాళ్లయి ఆ రోజుల మాటెత్తితే ముఖం తిప్పుకుంటారు. ఆ గుంపులో ఇప్పటికీ నిలబడి ఉన్నవాడు, అందులో ఎన్నడూ చేరని మా బావమరిది ఒక్కడే.

పక్కింటావిడ బతికే ఉంది. చూపు కొంచెం మందగించింది గానీ మనిషి చురుకుగానే ఉంది. మా ఆవిడ ఆమె ముందు కూర్చుని నీలం చొక్కా చేతిలో పెట్టి, మా తమ్ముడు ఆ దినం ఇంట్లోనించి ఇది ఏసుకోని పోయినాడు అత్తా, అంది. తక్కినది నేను చెప్పాను. చొక్కా నేను కుట్టానని, గుడ్డ నేను మిగుల్చుకున్నానని, వాడు ఆ రోజు అప్పుడే బస్సు దిగాడని, మీ ఇంటాయన పోయినప్పుడు వాడు మా ఇంట్లో అన్నం తింటున్నాడని. ఆమె చొక్కాను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఈ మాట మా వదిన ఉన్నెప్పుడు చెప్పింటే ఏమి నాయనా? కొళాయి కాడ ముందు వంతు ఆమెకే ఇచ్చిండేదాన్ని గదా."

మేము తిరిగి వస్తూ ఆ వీధి చివర కారు ఆపాము. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ కొళాయి ఉంది, తిప్పితే నీళ్లు వస్తాయి, ఎవరూ ఎవరి ముఖమూ చూడకుండా పట్టుకోవచ్చు. పాత వీధి కొళాయి గొట్టం మాత్రం తుప్పుపట్టి వంగి ఉంది, దాని చుట్టూ కడవలు పెట్టి పెట్టి అరిగిన బండలు అట్లాగే ఉన్నాయి. మా ఆవిడ దిగి కాసేపు ఆ బండల దగ్గర నిలబడింది. నేను కారులోనే కూర్చున్నాను. నీళ్లు రాని ఆ కొళాయి దగ్గరికి పోవడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు.